పానా పట్టిన చేతులకు పదేళ్ల పండుగ

2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండలో ప్రధాని నరేంద్ర మోదీ మిషన్ భగీరథను ప్రారంభించారు. 2026 ఆగస్టు 7తో ఆ రోజుకు పదేళ్లు నిండుతాయి. ఇలాంటి సందర్భంలో పథకం తలపెట్టినవారిని, నిధులు ఇచ్చినవారిని, కట్టించినవారిని పేరుపేరునా తలుచుకుంటాం. అది న్యాయం. అయితే కట్టడం పూర్తయిన మర్నాటి నుంచే ఇంకో పని మొదలైంది. దానికి శంకుస్థాపన జరగలేదు, ముగింపు సభ ఎన్నటికీ జరగదు. ఫిల్టర్ బెడ్ దగ్గర, పంపు హౌసులో, వాల్వు గుంతలో పానా పట్టుకుని ఆ పని చేస్తున్న మెకానిక్కులకు, ఫిట్టర్లకు కేసముద్రం నుంచి ఈ అభినందన.

అన్నలారా, తమ్ముళ్లారా! మా ఊరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు నెక్కొండ, ఇంటికన్నె దాటగానే మా స్టేషన్. పసుపు, మిర్చి, వడ్లు, మక్కలు దిగే మార్కెట్ యార్డు మా పేరు నిలబెట్టింది. మొన్నటిదాకా వరంగల్ జిల్లా వాళ్లం, 2016 అక్టోబరు 11 నుంచి మహబూబాబాద్ జిల్లా వాళ్లం, ఈ మధ్యనే మున్సిపాలిటీ వాళ్లం అయ్యాం. అటు గోదావరి గానీ ఇటు కృష్ణ గానీ మా పక్క నుంచి పారవు. వాన పడితే చెరువు, లేకుంటే బావి, ఆ తర్వాత బోరు. ఎండాకాలంలో బోరింగు కొడితే ముందు గాలి వచ్చేది, తర్వాత ఎర్రనీళ్లు, ఆఖరుకు సగం బిందె. ఆ సగం బిందె కోసం ఆడవాళ్లు వరుసలో నిలబడి పొద్దు పుచ్చిన రోజులు మా ఇళ్లలో ఎవరూ మరిచిపోలేదు. ఇవాళ అదే వాకిట్లో నల్లా ఉంది. అది తిప్పినప్పుడు వచ్చే ధార వెనుక ఎవరి చెమట ఉందో చెప్పుకోవడానికి ఈ పదేళ్ల పండుగ కన్నా మంచి సమయం ఏముంటుంది?

పథకానికి భగీరథుడి పేరు పెట్టారు. ఆ కథ మనందరికీ తెలుసు. తపస్సు చేశాడు, గంగను దింపాడు, శివుడి జటాజూటం దాటించాడు, జహ్నువును ప్రసన్నం చేసుకున్నాడు, పితరులను తరింపజేశాడు. కథ అక్కడికి సమాప్తం. మర్నాడు పొద్దున గంగ మళ్లీ రావాలంటే ఎవరు ఏం చేయాలన్నది పురాణం చెప్పాల్సిన అవసరం లేకపోయింది. గొట్టాల్లో వచ్చే గంగకు ఆ వీలు లేదు. ప్రతి పొద్దూ ఎవరో ఒకరు దాన్ని మళ్లీ తేవాలి. నీళ్లు తేవడం ఎంత గొప్పో, తెచ్చిన నీళ్లను నిలబెట్టడం అంత గొప్ప అని మేము మనసారా నమ్ముతున్నాం. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చెప్పడానికే.

మీరు మోస్తున్న బరువు ఎంతటిదో ఒకసారి చూద్దాం. రాష్ట్రాన్ని 26 సెగ్మెంట్లుగా విడదీసి, గోదావరి, కృష్ణ నీళ్లను శుద్ధి చేసి ఇంటింటికీ పంపడం ఈ పథకం లెక్క. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135, నగరపాలక సంస్థల్లో 150 అని ప్రమాణం పెట్టుకున్నారు. మన పాత జిల్లా పేరు మోసే సెగ్మెంటు కూడా ఒకటుంది, పాలేరు–వరంగల్. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నింపే పాలేరు జలాశయం దానికి ఆధారం. ఇక వరంగల్ నగరంలోనైతే ఈ వృత్తి ఇంకా పాతది. ధర్మసాగర్ చెరువు నీళ్లు, వడ్డేపల్లి, దేశాయిపేట ఫిల్టర్ బెడ్లు నగరవాసుల నోట్లో ఇంటి పేర్లలా నలిగిన మాటలు. అక్కడ పని నేర్చిన పాతతరం ఫిట్టర్ల చేతి కింద ఎందరు కుర్రాళ్లు మెకానిక్కులయ్యారో! భగీరథ పండుగ నాడు వాళ్లకూ మా నమస్కారాలు చెందుతాయి.

మీ పని ఏమిటో నల్లా తిప్పే ప్రతి ఇంటికీ తెలియాలి. అందుకే నీళ్లు నడిచిన దారినే మేమూ నడుస్తాం. జలాశయం దగ్గర ఇన్‌టేక్ బావిలో నిలువు పంపులు ముడినీటిని ఎత్తుతాయి. చెత్త, నాచు, కట్టెపుల్లలు అడ్డుపడకుండా అక్కడ జాలీలు ఉంటాయి. అవి పూడుకుపోతే పంపు గొంతు పట్టేస్తుంది. ప్లాంటుకు చేరిన నీళ్లు మెట్లమెట్లుగా దూకి గాలి పీల్చుకుంటాయి. తర్వాత పటిక కలుస్తుంది. మన అమ్మమ్మలు కుండలో పటికముక్క తిప్పి మట్టిని అడుగుకు దించినట్టే ప్లాంటులోనూ జరుగుతుంది. కాకపోతే ఇక్కడ ఏ రోజు నీటికి ఎంత పటిక వేయాలో గాజు పాత్రల్లో కలిపి చూసి ల్యాబు వాళ్లు తేలుస్తారు. ఆ లెక్క ప్రకారం మందు పడేటట్టు డోసింగు పంపును చూసుకోవడం మీ వంతు.

పటిక పట్టిన మట్టి గుండ్రటి పెద్ద తొట్టిలో కూర్చుంటుంది. పైన వంతెన ఒకటి మెల్లగా తిరుగుతూ ఉంటుంది, కింద దాని చేతులు అడుగున చేరిన బురదను మధ్యలోకి ఊడుస్తాయి. కొత్తవాళ్లు చూస్తే అది కదులుతోందా లేదా అన్న అనుమానం వచ్చేంత నెమ్మది. ఆ నెమ్మదిలోనే ఉంది అసలు విషయం. వేగం పెరిగితే కూర్చున్న మట్టి మళ్లీ లేస్తుంది, ఆగిపోతే బురద గట్టిపడి చేతులు విరుగుతాయి. గేరుబాక్సులో నూనె తగ్గిందా, గోడ అంచు మీద దొర్లే చక్రం అరిగిందా అని చూసే కన్ను మీది.

అక్కడి నుంచి నీళ్లు ఫిల్టర్ బెడ్ల మీదికి వస్తాయి. కంకర మీద పరిచిన ఇసుక గుండా దిగి అడుగున తేటపడతాయి. దిగుతున్నకొద్దీ ఇసుక మురికి పట్టుకుంటుంది, దారి బిగుస్తుంది, బెడ్డు మీద నీటిమట్టం పెరుగుతుంది. అప్పుడు బ్యాక్‌వాష్ చేయాలి. నీళ్లు రాకుండా వాల్వు కట్టి, కింది నుంచి బ్లోయరుతో గాలి పంపి, ఆ తర్వాత శుభ్రమైన నీటిని ఎదురెక్కించాలి. ఇసుక కుతకుత ఉడుకుతున్నట్టు కదిలి మురికి పైకి తేలి కాలువలోకి పోవాలి. గాలి ఎక్కువైతే ఇసుక కొట్టుకుపోతుంది, తక్కువైతే మురికి గడ్డ కడుతుంది. పుస్తకంలో నిమిషాలు రాసి ఉంటాయి. ఇసుక మీద తేలే బుడగలు చూసి ఇక చాలు అనే అంచనా మాత్రం ఏళ్ల తరబడి బెడ్డు అంచున నిలబడ్డవాళ్లకే వస్తుంది.

ఇక పంపు హౌసు. ఇది మీ రాజ్యం. నిమిషానికి 1,480 చుట్ల దాకా తిరిగే మోటార్లు, వాటికి బిగించిన పంపులు. బయటివాళ్ల చెవికి అదంతా ఒకే హోరు. ఆ హోరులో ఏ బేరింగు గొంతు మారిందో మీరు చెప్పగలరు. పెద్ద స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద, పిడి చెవికి ఆనించి వినే మెకానిక్కును మేము చూశాం. చేయి తిరగేసి మోటారు మీద పెట్టి వేడి ఎంతుందో చెప్పేవాళ్లనూ చూశాం. పంపు లోపల గులకరాళ్లు దొర్లుతున్న చప్పుడు వస్తే ఎవరైనా రాళ్లు పడ్డాయనుకుంటారు. పీల్చే గొట్టంలో నీళ్లు చాలక లోపల ఆవిరి బుడగలు పుట్టి పగులుతున్నాయని, అవి ఇంపెల్లరును కొరుక్కు తింటాయని వెంటనే పట్టేది మీరే.

గ్లాండు సంగతి కూడా చెప్పుకోవాలి. ప్యాకింగుతో నడిచే పంపు దగ్గర షాఫ్టు బయటికి వచ్చే చోట నీళ్లు చుక్కచుక్కగా కారుతుంటే తెలియనివాళ్లు లీకేజీ అంటారు. ఆ చుక్క పడాలి. అది షాఫ్టుకు చల్లదనం. పూర్తిగా బిగిస్తే ప్యాకింగు మాడి, స్లీవు గీసుకుపోతుంది. వదులుగా ఉంటే ధార కట్టి గాలి పీలుస్తుంది. రెండు నట్లను సమానంగా, పావు చుట్టు చొప్పున బిగిస్తూ ఆ చుక్కను సరిగ్గా ఎంత కావాలో అంతకు నిలబెట్టడం చూస్తే, నేర్పు అనే మాటకు వేరే ఉదాహరణ వెతకనక్కర్లేదు. మోటారును, పంపును ఒకే గీతలో నిలిపే అలైన్‌మెంటు పని అంతకన్నా ఓపికది. డయల్ గేజు పెట్టి, పాదాల కింద కాగితం మందం రేకులు ఒక్కొక్కటే వేస్తూ తీస్తూ, వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోకుండా సరిచేస్తారు. ఆ రోజు అంత ఓపిక పట్టబట్టే ఆ పంపు ఏళ్లకేళ్లు మొరాయించకుండా నడుస్తుంది.

క్లోరిన్ గది గురించి చెప్పేటప్పుడు మా గొంతులో గౌరవంతో పాటు కొంచెం దిగులూ ఉంటుంది. 900 కిలోల టన్నర్లలో వచ్చే ఆ గ్యాసు గాలి కన్నా బరువైనది, పచ్చటి పసుపు రంగుది, ఊపిరి తీసేది. కొద్దిపాళ్లలో నీటిలో కలిస్తే అదే లక్షల ఇళ్లకు ప్రాణరక్ష. వాల్వు దగ్గర అనుమానం వస్తే అమ్మోనియాలో ముంచిన గుడ్డను దగ్గరికి తీసుకుపోయి తెల్లటి పొగ లేస్తుందా అని చూస్తారు. పొగ లేచిందా, అందరూ బయటికి పరుగెత్తే వేళ మాస్కు తగిలించుకుని లోపలికి నడవాల్సిన మనుషులు మీలోనే ఉంటారు. నల్లా చివర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన దేశ ప్రమాణం. ఆ సున్నా పాయింట్ రెండు వెనుక ఎంత ధైర్యం ఉందో మా పిల్లలకు చెప్పుకుంటాం.

ఈ క్లోరిన్ చరిత్రలో మన రాష్ట్రానికి దగ్గరి తేదీ ఒకటుంది. అమెరికాలోని జెర్సీ సిటీ నగరానికి పోయే నీటిలో పెద్ద ఎత్తున, నిత్యం క్లోరిన్ కలపడం 1908 సెప్టెంబరు 26న మొదలైంది. రెండు రోజులు తిరగకుండానే, సెప్టెంబరు 28న, మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. ఆ విపత్తు తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి వరద రక్షణ, తాగునీరు రెండూ ఇచ్చే జలాశయాల ఆలోచన రూపు కట్టింది. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ఆ నీళ్లను శుద్ధి చేసిన ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లు నిజాం కాలం నుంచి హైదరాబాదు దాహం తీర్చాయి. కలరా అంటే ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన దేశం మనది. ఆ భయం ఇవాళ మన పిల్లలకు కథగా మాత్రమే తెలుసంటే, డాక్టర్లతో సమానంగా ఫిల్టర్ బెడ్ల మెకానిక్కులకూ దండం పెట్టాలి.

రాత్రి డ్యూటీ మాటా చెప్పుకోవాలి. నడుస్తున్న పంపులకు ఉన్నట్టుండి కరెంటు పోతే, కిలోమీటర్ల పొడవున పరుగెత్తుతున్న నీళ్లు ఒక్కసారిగా ఆగి వెనక్కి తన్నుతాయి. ఆ దెబ్బ గొట్టాన్ని పగలగొట్టగలదు, పంపును వెనక్కి తిప్పగలదు. నాన్‌రిటర్న్ వాల్వు సకాలంలో మూసుకోవాలి, ఎయిర్ వాల్వులు ఊపిరి పీల్చాలి. కరెంటు వచ్చాక ఒక్కసారిగా తెరవకుండా, వాల్వు చక్రం మెల్లమెల్లగా తిప్పుతూ ఖాళీ గొట్టాన్ని నింపుకుంటూ రావాలి. చీకట్లో, చేతి లైటు వెలుతురులో, భుజం నొప్పి పుట్టేదాకా ఆ చక్రం తిప్పుతారు. పొద్దున ఆరింటికి మా నల్లా మామూలుగానే వస్తుంది. రాత్రి ఏం జరిగిందో మాకు తెలియనే తెలియదు. తెలియకుండా చేయడమే మీ గొప్ప.

2024 సెప్టెంబరు 1 మా వాళ్లెవరూ మరిచిపోలేని తేదీ. ఆ వరదకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రైల్వే కార్మికులు రాత్రింబవళ్లు కష్టపడి కొద్ది రోజుల్లోనే రైళ్లు నడిపించారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది, వాళ్లకు దక్కాల్సిన మెప్పు దక్కింది. అలాంటి వరద రోజుల్లోనే నీటి ప్లాంటుకూ పరీక్ష వస్తుంది. మామూలు రోజున తేటగా ఉండే ముడినీరు ఎర్రమట్టితో చిక్కబడుతుంది. పటిక మోతాదు గంటగంటకూ మార్చాలి. రోజుకు ఒకసారి కడిగే బెడ్లను పదే పదే కడగాలి. వాగులు దాటే చోట పైపులైన్లు ఊడిపోతే బురదలో దిగి జాయింట్లు కలపాలి. చుట్టూ నీళ్లే ఉన్న రోజున తాగే నీళ్లకు కరువు రాకుండా చూడటం అన్ని పనుల కన్నా కష్టమైన పని. ఇది కెమెరాలు పెద్దగా చేరని చోట జరుగుతుంది. అందుకే మేము ఇక్కడ అక్షరాల్లో పెడుతున్నాం.

మన నేలకు ఈ గౌరవం కొత్తది కాదు. కాకతీయుల కాలం నుంచి చెరువు మన బతుకు. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు 13వ శతాబ్దం నాటివి, ఇవాళ్టికీ పొలాలు తడుపుతున్నాయి. రాజు కట్టించినందువల్లే అవి ఎనిమిది వందల ఏళ్లు నిలవలేదు. గండి పడ్డప్పుడల్లా పూడ్చినవారు, తూము చెడ్డప్పుడల్లా బాగుచేసినవారు తరతరాలుగా ఉన్నారు కాబట్టి నిలిచాయి. చెరువు కట్టినవారికే గాక దాన్ని మరమ్మతు చేసి నిలబెట్టినవారికి కూడా ఇనాము ఇచ్చే దశబంధం అనే పద్ధతి తెలుగునాట ఉండేది. ఊరూరా నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, కట్ట మీద ఎక్కడ ఊట పడుతోందో, ఏ మడికి ఎంతసేపు తడి ఇవ్వాలో అతని ఎరుక. వాన కుమ్మరించే రాత్రి ఊరు పడుకున్నా అతను కట్ట మీద ఉండేవాడు. పంట రైతు ఇంటికి చేరకముందే కల్లంలోనే అతని మేర కొలిచి ఇచ్చేవారు. కవికీ, గుడికీ ఇచ్చినంత మర్యాద మరమ్మతుకూ ఇచ్చిన సమాజం మనది. అన్నలారా, ఆ నీరటి వారసులు మీరు. మీ మేర మీకు కొలిచి ఇచ్చే బాధ్యత ఇవాళ మా మీద ఉంది.

శాలువా కప్పడం మా వేడుక. దానితో మీ మేర తీరిపోదని మాకు తెలుసు. మీలో చాలామంది ఔట్‌సోర్సింగు కింద పనిచేస్తున్నారు. నైపుణ్యానికి తగ్గ జీతం నెల తిరగ్గానే చేతికి అందాలి. పీఎఫ్, ఈఎస్ఐ సక్రమంగా జమ కావాలి. క్లోరిన్ గదిలో పనిచేసే ప్రతి మనిషికీ సరైన మాస్కు, దాన్ని వాడటంలో శిక్షణ ఉండాలి. బేరింగులు, ప్యాకింగు, వాల్వు విడిభాగాలు పంపు చెడకముందే స్టోరులో ఉండాలి. ఏళ్లుగా తిరుగుతున్న యంత్రాలకు మరమ్మతు నిధి ఏటేటా విడిగా కేటాయించాలి. కొత్త మున్సిపాలిటీగా కేసముద్రం తన లెక్కలు తానే రాసుకుంటున్న ఈ తరుణంలో, నీటి సరఫరా సిబ్బంది బాగోగులు ఆ లెక్కల మొదటి పేజీలో ఉండాలని మా పాలకులను కోరుతున్నాం. పల్లెకు 100 లీటర్లు, మున్సిపాలిటీకి 135 అన్నప్పుడు పెరిగిన ఆ 35 లీటర్లను ఎత్తేది కాగితం కాదు, మీరు.

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదువుతున్న మా మండలం పిల్లలకూ ఒక మాట. రెండేళ్ల పాటు ఇనుప ముక్కను ఆకురాయితో రుద్ది చదును చేయడం నేర్చుకునేటప్పుడు విసుగు పుడుతుంది. ఆ చదునే రేపు కప్లింగు దగ్గర పనికొస్తుంది. ఈ వృత్తిలో చేతికి మసి అంటుతుంది, పేరుకు మాత్రం అంటదు. పట్నంలో ఏదో ఒక పని దొరికితే చాలనుకునే ముందు, మీ ఊరికే నీళ్లిచ్చే పని ఒకటుందని గుర్తుంచుకోండి. అమ్మాయిలు కూడా ఈ పానా పట్టాలి. నీళ్లు మోసిన భారమంతా ఇన్నాళ్లూ వాళ్ల నెత్తి మీదే ఉంది, నీళ్లు నడిపే విద్యలో వాళ్లకు ముందువరుస దక్కాలి.

పంపు హౌసుల్లో, ఫిల్టర్ బెడ్ల మీద, వాల్వు గుంతల్లో ఉన్న మెకానిక్కులూ, ఫిట్టర్లూ, ఎలక్ట్రీషియన్లూ, హెల్పర్లూ, ఊళ్లో లైను చూసే వాటర్‌మన్లూ, మీ అందరికీ, మీ షిఫ్టు మారేదాకా అన్నం మూత పెట్టి ఎదురుచూసే మీ ఇంటివాళ్లకూ కేసముద్రం ప్రజల పక్షాన హృదయపూర్వక అభినందనలు. ఇన్నేళ్లు మా ఇంటికి నీళ్లు నడిపించారు. మీ చేయి చల్లగుండాలి, మీ పిల్లలు పైకి రావాలి, ప్రతి షిఫ్టు నుంచీ మీరు క్షేమంగా ఇల్లు చేరాలి. ఇరవయ్యో ఏడు పండుగ చేసుకునే నాటికి మీరు వేదిక కింద గాక వేదిక మీద, మొదటి వరుసలో కూర్చుని ఉండాలి. అందుకు మా వంతు పని మేము చేస్తామని ఈ పదేళ్ల పండుగ సాక్షిగా మాట ఇస్తున్నాం.